సీలింగును పైకప్పు అనుకున్న సాఫ్ట్‌వేర్: బిల్డింగ్ మోడల్ ఎక్స్‌పోర్ట్‌లో నా అనుభవం

ఆ ఆఫీసు భవనానికి నాలుగు అంతస్తులు. ఏసీకి, దీపాలకు ఏడాదికి ఎంత కరెంటు ఖర్చవుతుందో కట్టకముందే అంచనా వేసి ఇవ్వడం నా పని. లెక్క పూర్తయ్యాక వచ్చిన పట్టికలో ఒక వరుస దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. రెండో అంతస్తును చల్లబరచడానికి, నేరుగా ఎండ కింద ఉండే మూడో అంతస్తుకన్నా ఎక్కువ కరెంటు కావాలట. కింద రెండు అంతస్తులు, పైన ఒక అంతస్తు ఉన్న నడిమి భాగానికి అంత వేడి ఎక్కడి నుంచి వస్తుంది?

ఆర్కిటెక్టులు కంప్యూటర్‌లో గీసిన భవనం మోడల్, ఎనర్జీ సాఫ్ట్‌వేర్ చదవగలిగే ఫైలుగా ఎక్స్‌పోర్ట్ అయింది. ఆ సాఫ్ట్‌వేర్ దాన్ని తెరిచింది. ఏడాదిలోని 8,760 గంటల లెక్క ఎక్కడా ఆగకుండా పూర్తయింది. చిక్కంతా అందులోనే ఉంది. ఫైలు తెరుచుకోకపోతే ఎవరైనా కూర్చుని కారణం వెతుకుతారు. తెరుచుకుని, లెక్క కూడా చేసి, అందమైన గ్రాఫులు ఇచ్చిందంటే ఇక వెతికేదెవరు? ఆ ఒక్క వరుస అంత విడ్డూరంగా లేకపోతే ఆ నివేదిక అలాగే వెళ్లిపోయేది.

ఆర్కిటెక్టుల దగ్గర రెవిట్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో గీసిన పూర్తి మోడల్ ఉంది. గోడలు, తలుపులు, మెట్ల రెయిలింగులు, బల్లలు, కుర్చీలు, చివరికి రిసెప్షన్‌లో పూలకుండీ కూడా ఉన్నాయి. ప్రాజెక్టు సమావేశంలో అందరిదీ ఒకటే మాట: "మోడల్ సిద్ధంగా ఉంది కదా, మళ్లీ గీయడం ఎందుకు? ఎక్స్‌పోర్ట్ చేసుకోండి." ఆ మాటను తప్పు పట్టలేం. జీబీఎక్స్ఎంఎల్ అనే ఫార్మాట్ పుట్టిందే అందుకు. 1999లో కాలిఫోర్నియాలో దాన్ని రూపొందించడం మొదలుపెట్టిన వాళ్ల ఉద్దేశం కూడా అదే: ఒకసారి గీసిన భవనాన్ని ఎనర్జీ లెక్క కోసం ఇంకొకరు మొదటి నుంచి గీయకూడదని. ఇన్నేళ్ల తర్వాత కూడా చాలామంది మళ్లీ గీస్తూనే ఉన్నారంటే కారణం బద్ధకం కాదు.

కారణం తెలియాలంటే లెక్క కట్టే ఇంజన్ భవనాన్ని ఎలా చూస్తుందో తెలియాలి. నేను వాడేది ఎనర్జీప్లస్. అమెరికా ఇంధన శాఖ 2001లో విడుదల చేసింది. అంతకుముందు ఉన్న డీఓఈ-2, బ్లాస్ట్ అనే రెండు ప్రోగ్రాముల వారసత్వం దానిది. దాని దృష్టిలో భవనమంటే గాలి నిండిన జోన్లు, ఒక్కో జోన్ చుట్టూ మందం లేని చదునైన ముఖాలు. గోడ మందం, పొరలు ఆ ముఖానికి తగిలించిన వివరాలు మాత్రమే. ప్రతి ముఖమూ తనకు అవతల ఏముందో చెప్పి తీరాలి: బయటి గాలా, నేలా, పక్క జోన్‌లోని ఇంకో ముఖమా. ఆర్కిటెక్టు మోడల్‌లో ఉండేది ఘనమైన గోడలు, స్లాబులు. నాకు కావలసింది వాటి మధ్య ఉన్న గాలి. దాన్ని ఎవరూ గీయరు. గీసినవాటి మధ్య మిగిలిన ఖాళీ నుంచి సాఫ్ట్‌వేర్ దాన్ని ఊహించుకోవాలి. ఆ ఊహ ఎక్కడ తప్పుతుందో పట్టుకోవడమే ఈ పని మొత్తం.

రెండో అంతస్తు దగ్గరికి వస్తాను. జీబీఎక్స్ఎంఎల్ ఫైలును మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరవవచ్చు. చాలామంది తెరవరు గానీ, అంతకన్నా మంచి పరీక్ష లేదు. అందులో ప్రతి ముఖానికీ ఒక సర్ఫేస్ ఉంటుంది. దానికి సర్ఫేస్‌టైప్ అనే రకం, అవతలివైపు ఏ గది ఉందో చెప్పే అడ్జసెంట్‌స్పేస్‌ఐడీ, ఎండ తగులుతుందో లేదో చెప్పే గుర్తు, ఆ తర్వాత మూలల కోఆర్డినేట్లు. లోపలి గోడకు రెండు అడ్జసెంట్‌స్పేస్‌ఐడీలు ఉండాలి, ఇటుపక్క గది ఒకటి, అటుపక్క గది ఒకటి. బయటి గోడకు ఒక్కటే ఉంటుంది.

రెండో అంతస్తులోని పెద్ద మీటింగ్ హాలు పేరుతో వెతికాను. దాని నేలకు రెండు ఐడీలు ఉన్నాయి, బాగానే ఉంది. పై ముఖానికి ఒక్కటే ఉంది. సర్ఫేస్‌టైప్ దగ్గర రూఫ్ అని ఉంది. ఎండ గుర్తు దగ్గర 'అవును' అని ఉంది. ఎత్తు చూస్తే నేల నుంచి 2.7 మీటర్లు. పై అంతస్తు స్లాబు 3.9 మీటర్ల దగ్గర ఉంది. అంటే సాఫ్ట్‌వేర్ పైకప్పు అనుకున్నది ఫాల్స్ సీలింగును. 12.5 మిల్లీమీటర్ల జిప్సం బోర్డును.

జరిగినదేమిటంటే, గది ఎత్తు సీలింగు దగ్గర ఆగిపోయింది, ఎందుకంటే మోడల్‌లో సీలింగుకు గదిని మూసే గుణం పెట్టి ఉంది. సీలింగుకూ స్లాబుకూ మధ్య 1.2 మీటర్ల ఖాళీలో ఏ గదీ నిర్వచించి లేదు. గది లేని చోటు ఈ ఫార్మాట్‌కు బయటి ప్రపంచమే. కాబట్టి సీలింగు పైకప్పు అయింది. అంతేకాదు, అదే ఖాళీకి పైన ఉన్న మూడో అంతస్తు నేల కూడా గాలిలో వేలాడుతున్న నేలగా మారింది. దాని సర్ఫేస్‌టైప్ దగ్గర రెయిజ్డ్‌ఫ్లోర్ అని కనిపించింది. భవనాన్ని అడ్డంగా కోసి, మధ్యలో మనిషి వంగి నడిచేంత సందు వదిలి, ఆ సందులోంచి వేడి గాలి పారించినట్టు అయింది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. ఎండ గుర్తు 'అవును' అని ఉన్నా, పైనున్న స్లాబు నీడ ఆ సీలింగు మీద పడుతుంది. ఎనర్జీప్లస్ నీడల లెక్క దాన్ని పట్టించుకుంటుంది. కాబట్టి ఎండ దెబ్బ అంతగా లేదు. వేడి వచ్చింది రెండు దారుల్లో. ఒకటి, ఇన్సులేషన్ లేని పలుచని బోర్డుకు అవతల వైపు బయటి గాలి ఉష్ణోగ్రత. రెండోది ఇంకా గడుసుది. సందుల్లోంచి లోపలికి చొరబడే గాలిని నేను బయటి ముఖాల వైశాల్యాన్ని బట్టి ఇచ్చాను, చాలామంది అలాగే ఇస్తారు. సీలింగంతా బయటి ముఖం అయిపోయేసరికి ఆ గాలి కూడా దామాషాగా పెరిగింది. అసలు పైకప్పుకు మంచి ఇన్సులేషన్ ఉంది కాబట్టి మూడో అంతస్తు చల్లగా బయటపడింది. మిగతా అంతస్తుల్లో ఎక్కువ భాగం సీలింగు లేకుండా స్లాబు కనిపించేలా వదిలారు. అందుకే తేడా ఒక్క రెండో అంతస్తులోనే బయటపడింది. అన్ని అంతస్తుల్లోనూ సీలింగు ఉండి ఉంటే అన్నీ సమానంగా తప్పేవి, పట్టికలో ఏ వరుసా విడ్డూరంగా కనిపించేది కాదు. ఈ మాట గుర్తొచ్చినప్పుడల్లా పాత నివేదికల మీద నాకు అనుమానం కలుగుతుంది.

పరిష్కారాలు రెండు. సీలింగుకు గదిని మూసే గుణం తీసేస్తే గది స్లాబు దాకా పెరుగుతుంది, ఖాళీ మాయమవుతుంది. లేదా ఆ ఖాళీకే ప్లీనం పేరుతో, విడి గదిలా, ఒక స్పేస్ పెట్టాలి. మొదటిది తేలిక, చిన్న గదులకు, టాయిలెట్లకు, స్టోర్లకు అదే చేశాను. కానీ ఈ భవనంలో ఏసీకి తిరిగి వెళ్లే గాలి సీలింగు పైనుంచే పోతుంది. దీపాల వేడిలో కొంత భాగం ఆ గాలిలో కలిసి యంత్రం దగ్గరికి వెళ్తుంది. దాన్ని గదిలో కలిపేస్తే గది లోడు, అంటే ఆ గది నుంచి ఏసీ తీయాల్సిన వేడి, తప్పుతుంది. అందుకని పెద్ద హాళ్లకు ప్లీనం విడిగా పెట్టాను. ప్లీనం పెట్టాక సీలింగు ముఖానికి రెండో ఐడీ వచ్చిందో లేదో మళ్లీ టెక్స్ట్ ఫైలులోనే చూసుకున్నాను. తెర మీద రంగుల బొమ్మ చూసి తృప్తిపడే రోజులు నాకు పోయాయి.

ఇదే జబ్బు పైపులు, డక్టులు వెళ్లే షాఫ్టులకూ ఉంది. లిఫ్టు పక్కన మూసేసిన సందులో గది పెట్టాలని ఎవరికి తోస్తుంది? ప్లాన్‌లో అది గళ్లు కొట్టిన చిన్న పెట్టె. ఫైలులో మాత్రం దాని చుట్టూ ఉన్న గోడలన్నీ బయటి గోడలు. ఒక్కో షాఫ్టు చిన్నదే, నాలుగు అంతస్తుల మేర కలిపితే భవనం మధ్యలో దాక్కున్న ఒక బయటి గోడంత వైశాల్యం.

ఆర్కిటెక్టు గారితో మాట్లాడినప్పుడు ఆవిడ అన్న మాట నాకు నచ్చింది. "మా మోడల్‌లో తప్పేమీ లేదండీ. సీలింగు దగ్గర గది ఆగాలి, మా గదుల పట్టికలో గది ఎత్తు అలాగే రావాలి." నిజమే. ఆవిడకు కావలసినదానికి ఆ మోడల్ సరిగ్గా ఉంది. అలాగే నేను స్తంభాలకు గదిని మూసే గుణం తీసేస్తే ఆవిడ పట్టికలో గదుల వైశాల్యాలు మారిపోతాయి, ఆ వైశాల్యాల మీదే అనుమతుల పత్రాలు తయారవుతాయి. ఒకే ఫైలు ఇద్దరికీ పనికిరావాలనే కోరికలోనే తగాదా ఉంది. చివరికి కుదిరిన ఏర్పాటు ఇది: ఆవిడ ఫైలును నేను ముట్టుకోను. దాన్ని నా ఫైలులో లింకు చేసుకుంటాను. ఆవిడ రూములు ఆవిడవి, నేను పెట్టుకునే స్పేసులు నావి. రెవిట్‌లో రూము, స్పేసు వేర్వేరు వస్తువులు, ఎక్స్‌పోర్ట్‌కు ఏది కావాలో ఎంచుకోవచ్చు. ఒక చిన్న మెలిక: లింకు చేసిన ఫైలుకు కూడా గదిని మూసే గుణం విడిగా టిక్కు పెట్టాలి. అది లేకపోతే లింకులోని గోడలు కంటికి కనిపిస్తాయి గానీ స్పేసులకు కనిపించవు. మొదటిసారి చూసేవాళ్లకు ఒక అంతస్తంతా ఒకే గదిగా వస్తుంది, లేదా గది మూసుకోలేదని హెచ్చరిక వస్తుంది.

ఘనపరిమాణం లెక్కించే సెట్టింగు గురించి కూడా చెప్పాలి. వైశాల్యాలు మాత్రమే లెక్కించమని ఉంటే, గది పైహద్దు ఎక్కడ పెట్టారో అక్కడి దాకా నిలువుగా పెట్టెలా పెరుగుతుంది, వాలు కప్పునూ సీలింగునూ పట్టించుకోదు. మోడల్ మొదలుపెట్టినప్పుడు పని వేగంగా సాగాలని దాన్ని ఆపి ఉంచుతారు, తర్వాత ఎవరూ తిరిగి చూడరు.

గదులు కుదిరాక మూలల చిక్కులు మొదలయ్యాయి. ఎనర్జీప్లస్ ప్రతిసారీ లెక్కతో పాటు ఒక ఎర్రర్ ఫైలు రాస్తుంది. ప్రాణాంతకమైనవి, తీవ్రమైనవి, హెచ్చరికలు అని మూడు స్థాయిలు. మొదటి రకం వస్తే లెక్క ఆగిపోతుంది కాబట్టి అందరూ చదువుతారు. హెచ్చరికలు వందల్లో వస్తాయి కాబట్టి ఎవరూ చదవరు. నాకు పనికొచ్చినవన్నీ అందులోనే దొరికాయి. రెండు మూలల మధ్య దూరం 0.01 మీటరుకన్నా తక్కువ, బహుశా ఒకే బిందువు కావచ్చు అని ఒకటి. కిటికీ తాను ఉన్న గోడ హద్దుల్లో లేదు అని ఒకటి. జోన్ పూర్తిగా మూసుకోలేదు, ఘనపరిమాణం లెక్క నమ్మదగినది కాకపోవచ్చు అని ఇంకొకటి. రెండు జోన్ల మధ్య గోడకు ఇటువైపు వైశాల్యం, అటువైపు వైశాల్యం సరిపోలడం లేదు అని మరొకటి.

ఇవన్నీ చాలావరకు ఒకే మూలం నుంచి వచ్చాయి. ప్రధాన ద్వారం వైపు గోడ వంపుగా ఉంది. ఇంజన్‌కు వంపు తెలియదు, చదునైన ముక్కలే తెలుసు. కాబట్టి ఎక్స్‌పోర్ట్ ఆ వంపును సన్నని పలకలుగా కోసింది. గోడను కోసిన చోట, స్లాబు అంచును కోసిన చోట ముక్కలు కలవలేదు. మధ్యలో వేలెడు వెడల్పున త్రిభుజాలు మిగిలాయి. ఆ అద్దాల గోడకు అల్యూమినియం చట్రాలు కూడా ఉన్నాయి. ఎక్స్‌పోర్ట్‌లో ఎంత వివరం వెళ్లాలో చెప్పే సెట్టింగును పై స్థాయిలో పెడితే ఒక్కో చట్రమూ ఒక నీడ ముఖంగా వెళ్తుంది. ముఖాలు పెరిగే కొద్దీ నీడల లెక్క ఎలా బరువెక్కుతుందో కంప్యూటర్ ఫ్యాను మోత చెబుతుంది. రెయిలింగుల కమ్మీలు కూడా ఒక్కొక్కటిగా నీడలిచ్చే వస్తువులై వచ్చాయి. ఫలితంలో వాటి వాటా లెక్కలోకి తీసుకునేంత లేదు. చట్రాలను వదిలేసి, అద్దానికి చట్రం కలిపిన సగటు విలువలు ఇచ్చాను. వంపు గోడను నా ఫైలులో ముందే కొన్ని పొడవైన చదును గోడలుగా గీసి, లింకులోని వంపు గోడకు గదిని మూసే గుణం లేకుండా చేయించాను. ఈ మార్పు ఆవిడ ఫైలులో చేయాల్సి వచ్చింది. ఆ ఒక్క గోడ కోసం బతిమాలాను.

గదులు ఏవీ పెట్టకుండానే మోడల్ నుంచి ఎనర్జీ మోడల్‌ను నేరుగా తయారుచేసే దారి కూడా ఉంది. అది ఖాళీలను తానే వెతుక్కుంటుంది, ఒక హద్దుకన్నా చిన్న సందులను మూసినట్టే భావిస్తుంది. ఆ హద్దు మామూలుగా 457.2 మిల్లీమీటర్లు. కాన్సెప్టు దశలో అది నిజంగా మేలు చేస్తుంది. వివరాల దశలో మాత్రం దాని క్షమాగుణమే చిక్కు. ఎక్కడ ఏది మూసేసిందో మనకు చెప్పదు.

ఇక గోడల్లోని పొరల సంగతి. బొమ్మ బాగా వచ్చాక అందరూ ఊపిరి పీల్చుకుంటారు. నా అనుభవంలో ఫలితాన్ని ఎక్కువగా తిప్పేసేది ఈ దశ. మోడల్‌లో గోడకు ఇన్సులేషన్ పొర గీసి ఉంది, పసుపు రంగు గళ్లు కూడా చక్కగా కనిపిస్తున్నాయి. కానీ ఆ మెటీరియల్‌కు ఉష్ణ గుణాలు ఇవ్వలేదు. డ్రాయింగుకు గళ్లు చాలు కదా. పైన పటారం, లోన లొటారం. ఎక్స్‌పోర్ట్ ఆ పొరను వదిలేసింది.

లెక్క చూడండి. 230 మిల్లీమీటర్ల ఇటుక గోడ, ఉష్ణవాహకత 0.8 అనుకుంటే నిరోధం 0.288. రెండు వైపులా 15 మిల్లీమీటర్ల ప్లాస్టరు, వాహకత 0.72, రెండూ కలిపి 0.042. లోపలి, బయటి గాలి పొరలకు మామూలుగా తీసుకునే 0.13, 0.04. మొత్తం సుమారు 0.5, కాబట్టి యూ-విలువ, అంటే గోడ ఎంత వేడిని దాటనిస్తుందో చెప్పే అంకె, 2.0. దీనికి 0.035 వాహకత ఉన్న 50 మిల్లీమీటర్ల ఇన్సులేషన్ కలిపితే ఇంకో 1.43 చేరి, యూ-విలువ 0.52కు దిగుతుంది. ఒక్క పొర జారిపోతే గోడ దాదాపు నాలుగు రెట్లు వేడిని లోపలికి పంపుతుంది. బొమ్మలో మాత్రం ఏ తేడా ఉండదు.

ఎనర్జీప్లస్ చివర ఇచ్చే సారాంశంలో ప్రతి ముఖానికీ యూ-విలువ రెండు రకాలుగా ఉంటుంది, గాలి పొరలు కలిపి ఒకటి, కలపకుండా ఒకటి. చేత్తో కట్టిన లెక్కను సరైన నిలువు వరుసతో పోల్చాలి. పై గోడకు గాలి పొరలు లేకుండా 0.57 రావాలి. నాకు 3.0 కనిపించింది. ఇన్సులేషన్ లేని గోడకు రావలసిన అంకె అది. ఇంకేం వెతకనక్కర్లేకపోయింది.

నీటిని ఆపే పొరల తంటా వేరు. డ్రాయింగులో వాటికి మందం సున్నా అని పెడతారు. ఇంజన్‌కు సున్నా మందం ఉన్న పదార్థం ఉండదు. వాటిని తీసేయడమే మంచిది, వేడిని ఆపడంలో వాటి పాత్ర లేనట్టే. అద్దాల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. అద్దాల గోడ పలక మోడల్‌లో ఒట్టి గాజు పలక. ఎండ వేడిలో ఎంత భాగం లోపలికి వస్తుందో చెప్పే గుణకం దానికి ఉండదు. అది లేనప్పుడు ఏదో మామూలు అద్దం విలువ వచ్చి కూర్చుంటుంది. పెద్ద అద్దాలున్న భవనంలో ఆ ఒక్క అంకె గోడలన్నింటికన్నా ఎక్కువ మాట్లాడుతుంది. నేను ఇప్పుడు మెటీరియల్స్‌ను ఎక్స్‌పోర్ట్ నుంచి అసలు తీసుకోను. గోడ రకం పేరు మాత్రం తీసుకుని, ఆ పేరుకు నా సొంత లైబ్రరీ నుంచి పొరలు తగిలిస్తాను.

దిక్కుల గురించి అందరూ హెచ్చరిస్తారు కాబట్టి పొడిగించను. ప్లాన్ కాగితం మీద తిన్నగా కూర్చోవడానికి మోడల్‌లో ప్రాజెక్టు ఉత్తరం ఒకటి ఉంటుంది, అసలు ఉత్తరం ఇంకొకటి. ఏది ఫైలుతో వెళ్లిందో తెలుసుకోవడానికి నేను చూసేది ఎనర్జీప్లస్ సారాంశంలోని కిటికీల నిష్పత్తి పట్టిక. అందులో 315 నుంచి 45 డిగ్రీల దాకా ఉత్తరం, 45 నుంచి 135 దాకా తూర్పు, ఇలా నాలుగు వైపులా అద్దాల వాటా విడివిడిగా ఉంటుంది. మన భవనంలో అద్దాలు ఎక్కువ ఏ వైపున్నాయో మనకు తెలుసు కదా. పట్టిక ఇంకో వైపు చెబితే భవనం తిరిగిపోయినట్టే. పక్క భవనాల నీడ కూడా అప్పుడే చూసుకోవాలి. అవి వేరే సైట్ ఫైలులో ఉండి ఎక్స్‌పోర్ట్‌లోకి రాలేదు. పెట్టెల్లా నేనే గీసి పెట్టుకున్నాను.

జీబీఎక్స్ఎంఎల్‌కు బదులు ఐఎఫ్‌సీ దారి ఎందుకు పట్టలేదని ఒక మిత్రుడు అడిగాడు. పట్టి చూశాను. 2013లో ఐఎస్ఓ 16739గా అంతర్జాతీయ ప్రమాణమైన ఫార్మాట్ అది, భవనం గురించి దానికి తెలిసినంత జీబీఎక్స్ఎంఎల్‌కు తెలియదు. కానీ ఎనర్జీ లెక్కకు కావలసింది స్పేస్ బౌండరీలు, అంటే గది హద్దుల వివరాలు, అందులోనూ రెండో స్థాయివి. మొదటి స్థాయి బౌండరీ గది వైపు నుంచి గోడను మొత్తంగా చెబుతుంది. రెండో స్థాయి బౌండరీ, గోడకు అవతల గది మారిన చోటల్లా ముక్కలు చేసి చెబుతుంది. ఒకే పొడవాటి గోడ వెనుక సగం స్టోరు, సగం ఆరుబయలు ఉంటే నాకు రెండు ముఖాలు కావాలి. నాకు అందిన ఫైళ్లలో ఆ రెండో స్థాయి లేదు. లేకపోతే ఎంత సంపన్నమైన ఫార్మాట్ అయినా నాకు మళ్లీ మొదటి మెట్టే.

ఇంతా అయ్యాక రెండో అంతస్తు పట్టికలో తన చోటికి దిగివచ్చింది. మూడో అంతస్తు పైకి చేరింది. కోరిన ఉష్ణోగ్రతను ఏసీ అందుకోలేని గంటలు కూడా తగ్గాయి. అదొక మంచి కొలత. భవనాల ఇంధన వాడకానికి అమెరికా సంస్థ ఆష్రే ఇచ్చిన 90.1 ప్రమాణం అపెండిక్స్ జీ ప్రకారం ఏడాదికి 300 గంటలు దాటకూడదు. ఈ గంటలు ఎక్కువగా ఉన్నాయంటే యంత్రం చిన్నదని కొందరు వెంటనే పెద్దది పెట్టేస్తారు. అంతకంటే ముందు ఆ గంటలు ఏ గదిలో వస్తున్నాయో చూస్తే చాలాసార్లు ఆ గదికి ఒక నకిలీ పైకప్పో, నకిలీ బయటి గోడో దొరుకుతుంది.

అప్పుడు ఆర్కిటెక్టులు కొత్త మోడల్ పంపారు. పడమటి వైపు కిటికీలు మారాయి, రెండు గదులు ఒకటయ్యాయి. మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేస్తే, ఎనర్జీ సాఫ్ట్‌వేర్ లోపల నేను చేత్తో సరిదిద్దినవన్నీ పోతాయి. ఈ పరిస్థితి తెలిసే, ముందునుంచీ సవరణలన్నీ మోడల్ వైపే చేస్తూ వచ్చాను, ఎంత చిరాకు అనిపించినా. మనుషుల సంఖ్య, దీపాలు, ఏసీ వేళలు, పరికరాల లోడు వీటన్నింటినీ ఒక పట్టికలో స్పేస్ పేరుకు కట్టి ఉంచాను. ఎనర్జీప్లస్‌ను నడిపే ఓపెన్‌స్టూడియో అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక స్క్రిప్టు ఆ పట్టిక చదివి, పేరును బట్టి తగిలిస్తుంది. ఐడీని నమ్మలేం, గదిని చెరిపి మళ్లీ పెడితే ఐడీ మారిపోతుంది. పేరు మాత్రం మనుషులు ఇచ్చింది కాబట్టి కాస్త నిలుస్తుంది. ఒకటైన రెండు గదులకు కొత్త పేరు పెట్టారు, స్క్రిప్టు ఆ పేరు దొరకలేదని అరిచింది. అలా అరవడం కోసమే దాన్ని రాసుకున్నాను.

నా సహోద్యోగి ఒకాయన ఇవేవీ పెట్టుకోడు. ప్లాన్ బొమ్మను స్కెచ్‌అప్ అనే గీసే సాఫ్ట్‌వేర్‌లో కింద పరిచి, దాని మీద పెట్టెలు లాగుతాడు. కాన్సెప్టు దశలో, గదుల హద్దులు వారానికోసారి మారేటప్పుడు, ఆయన పద్ధతే నాకన్నా త్వరగా ముగుస్తుంది. పెట్టెల మోడల్‌లో సందులుండవు, వేలెడు త్రిభుజాలుండవు, ఎర్రర్ ఫైలు ఒక పేజీ దాటదు. "మళ్లీ గీయడం ఎందుకు" అని ఎవరైనా అడిగితే ఇప్పుడు నేను సంజాయిషీ ఇచ్చుకోను. గదులు వందకు చేరి, వాటి పేర్లు, వైశాల్యాలు ఆర్కిటెక్టు పట్టికతో అడుగడుక్కీ సరిపోవాలంటే మాత్రం ఎక్స్‌పోర్ట్ దారే పట్టాలి, అదీ ఆ మోడల్ గీసేవాళ్లతో మొదటి వారంలోనే మాట్లాడుకుని.

ఒక్క ఏట్రియం ఇంకా లొంగలేదు. నాలుగు అంతస్తులూ ఎక్కే ఆ ఖాళీని ఒకే స్పేసుగా పెడితే, పక్కనున్న కారిడార్లకూ దానికీ మధ్య గోడ లేని చోట గాలి ముఖం అనే రకం ముఖాలు రావాలి. కొన్ని చోట్ల వస్తాయి, కొన్ని చోట్ల రెయిలింగు అడ్డుగోడ అక్కడ ఉందని లోపలి గోడగా వస్తాయి, ఎటువైపు వస్తాయో ప్రతి ఎక్స్‌పోర్ట్‌లోనూ ఒకేలా ఉండదు. దాన్ని వదిలేశాను. ఏట్రియం లేకుండా మిగతా భవనాన్ని ఎక్స్‌పోర్ట్ చేస్తాను, ఓపెన్‌స్టూడియోలో ఆ ఒక్క జోన్‌ను చేత్తో గీసి, చుట్టూ ఉన్న ముఖాలతో జత చేసి, ఎర్రర్ ఫైలులో వైశాల్యాల హెచ్చరిక లేదని చూసుకుని లెక్కకు పంపుతాను.